కంప్యూటరు బల్లను మనమే సర్దుకొనుట

మా పాఠశాల కంప్యూటరు గదిలో తొమ్మిది యంత్రములు కలవు. వానిలో ఆరింటిపై రెండేండ్లుగా గుడ్డ కప్పియే యుండెను. అవి చెడిపోయినవి కావు. మీట నొక్కినచో దీపము వెలుగును, పంఖా తిరుగును. గాని తెరపై బొమ్మలు కుదురుకొనునప్పటికి పాఠపు గంటలో మూడవ వంతు గడచిపోవుచుండెను. పైగా అందు నడచుచున్న విండోస్ 10 అను వ్యవస్థకు సాధారణముగా వచ్చు ఉచిత రక్షణసవరణలు 2025 అక్టోబరు 14వ తేదీతో నిలిచిపోయినవి. తరువాతి కూర్పగు విండోస్ 11 టీపీఎం 2.0 అను భద్రతాచిప్పు లేని పాత యంత్రముల నంగీకరింపదు. క్రొత్తవి కొనుటకు సొమ్ము లేదు. అందుచేత మేము లినక్సు నాశ్రయించితిమి. ఆ పని యెట్లు జరిగినదో, యెక్కడ తప్పితిమో, జనగామ, మహబూబాబాదు, భూపాలపల్లి ప్రాంతములనుండి మాయొద్దకు వచ్చు పిల్లలకు దానివలన నేమి కలిగినదో చదువరులకు దెలుపుచున్నాము.

ముందుగా మాటల యర్థము తెలిసికొందము. కంప్యూటరులోని భాగములకును మనము వాడు పనిముట్లకును నడుమ నుండి, యెవరి కెంత చోటు, యెవరి కెంతసేపు అని పంచిపెట్టు పెద్దను ఆపరేటింగ్ సిస్టము అందురు. వసతిగృహపు వంటశాలలో ఏ పొయ్యిమీద అన్నము, ఏ పొయ్యిమీద పప్పు, ఎవరి కెప్పుడు వడ్డన అని నిర్ణయించు పెద్దవంటవాని వంటిది. అమెరికా దేశస్థుడగు రిచర్డ్ స్టాల్మన్ 1983లో గ్నూ అను ప్రయత్నమును ప్రకటించెను. ఎవ్వరైనను వాడుకొనుటకు, లోపల నేమున్నదో చదువుటకు, మార్చుటకు, ప్రతి తీసి పొరుగువాని కిచ్చుటకు హక్కుగల వ్యవస్థను నిర్మించుట ఆయన సంకల్పము. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విశ్వవిద్యాలయపు విద్యార్థి, ఇరువదియొక్క యేండ్ల లీనస్ టోర్వాల్డ్స్, తన సొంత కంప్యూటరు కొరకు ఒక కెర్నెలును, అనగా వ్యవస్థకు నడిగుండెను, వ్రాసి యందరికిని పంచెను. ఈ రెండును కలిసి నేటి లినక్సు వ్యవస్థలైనవి. 1993లో ఇయాన్ మర్డాక్ ప్రారంభించిన డెబియన్ అట్టి కూర్పులలో పాతది. 2004లో వచ్చిన ఉబుంటు దానినుండి పుట్టినదే. వీనికి వెల లేదు. వెల లేకుండుట మాకు కలిసివచ్చెను గాని, మా మనస్సున కెక్కినది మార్చుకొను హక్కు. అద్దెయింట మేకు కొట్టుటకు యజమాని నడుగవలయును. సొంత యింట నెవరి నడుగుదుము?

డెస్కుటాపు అనగా బల్ల పైభాగము. తెరపై కనబడు రంగు, బొమ్మలు, క్రింది పట్టీ, గడియారము, జాబితాలు, ఈ సమస్తమును కలిపి ఆ పేరున పిలుతురు. లినక్సులో నీ బల్ల వేరు, దానిని మోయు కెర్నెలు వేరు. కావున ఒకే వ్యవస్థపై ఇష్టమైన బల్లను వేసికొనవచ్చును. 1996లో మొదలైన కేడీఈ, 1997లో మొదలైన గ్నోమ్ చూపునకు ఇంపైనవి. మా పాత యంత్రములలో ర్యాము రెండేసి గిగాబైట్లు మాత్రమే యుండుటచే ఎక్స్‌ఎఫ్‌సీఈ అను తేలికబల్లను ఎన్నుకొంటిమి. పదవ తరగతి బాలురిద్దరు గ్నోమే కావలెనని పట్టుపట్టిరి. ఒక యంత్రమున వేసి చూపితిమి. బ్రౌజరు తెరచినంతనే అది గుక్క తిప్పుకొనలేకపోయెను. తరువాత వారు మాటాడలేదు.

ఇక పని. మంచి కంప్యూటరు నొకదానిని పట్టుకొని డెబియన్ వారి స్థాపన ఫైలును దించుకొని, ఎనిమిది గిగాబైట్ల పెన్ డ్రైవులోని కెక్కించితిమి. ఫైలును ఊరక కాపీ చేసిన చాలదు. రూఫస్ వంటి పనిముట్టుతో ఎక్కింపవలయును. అప్పుడు పెన్ డ్రైవులోని పాత విషయములన్నియు తుడిచిపెట్టుకొని పోవును. పిమ్మట దానిని పాత యంత్రమునకు తగిలించి, మీట నొక్కిన వెంటనే ఎఫ్12 గాని, ఎఫ్2 గాని, ఎస్కేప్ గాని నొక్కినచో (తయారీని బట్టి ఇది మారును), దేనినుండి ప్రారంభింపవలెనని యంత్ర మడుగును. 'లైవ్' కూర్పు నెక్కించుకొన్నవారు డిస్కును ముట్టకయే పెన్ డ్రైవునుండి వ్యవస్థను నడిపి, తెర, శబ్దము, వైఫై సరిగా నున్నవో లేవో ముందే చూచుకొనవచ్చును. 2023 జూనులో వచ్చిన డెబియన్ 12 మొదలుకొని వైఫై పరికరములకు వలయు ఫర్మువేరు స్థాపనలోనే చేర్చబడినది. అంతకు ముందు దానికై వెదకుట పెద్ద తలనొప్పి. మా యంత్రములలో నొకటి 32 బిట్లది. 2025 ఆగస్టు 9న వెలువడిన డెబియన్ 13 అట్టివానికి స్థాపన నియ్యదు గనుక దానియందు 12వ కూర్పునే యుంచితిమి.

ఇచ్చట మా తప్పు నొప్పుకొనవలయును. మూడవ యంత్రమున, డిస్కంతయు వాడుమను వరుస నెన్నుకొని సరే యంటిమి. కొన్ని నిమిషములకు మా సహోపాధ్యాయులొకరు వచ్చి, ఆ యంత్రమున మూడేండ్ల తెలుగు ప్రశ్నపత్రములును, వార్షికోత్సవమునకు ఒక బాలిక వ్రాసిన నాటకమును ఉన్నవని చెప్పిరి. అప్పటికే పోయినవి. ప్రశ్నపత్రములకు మేము విచారింపలేదు. నాటకము వ్రాసిన బాలిక ఉత్తీర్ణురాలై వెళ్లిపోయినది. ఆమెయొద్దను ప్రతి లేదు. ఆ సంగతి ఆమెకు తెలుపుటకు మాకు రెండు వారములు పట్టినది. ఆమె విని, "పోనీయండి సార్" అని నవ్వెను. మాకు మాత్రము నవ్వు రాలేదు. నాటినుండి ప్రతి యంత్రముపైని ఒక కాగితమంటించి, అందలి ఫైళ్లు ప్రతి తీసినవారు సంతకము చేసినదాక పెన్ డ్రైవు తగిలించుట మానుకొంటిమి.

నాలుగవ యంత్రపు ప్రశ్నపత్రములను జాగ్రత్తగా దాచితిమి. క్రొత్త వ్యవస్థలో తెరచి చూడగా తెలుగునకు బదులు ఆంగ్లాక్షరములును గుర్తులును కలగాపులగముగా కనబడెను. కారణమేమనగా, అవి పాత పద్ధతి ఫాంటులతో కొట్టినవి. ఆంగ్లాక్షరమున కేర్పడిన సంఖ్యకే తెలుగు ముక్క బొమ్మను తొడిగిన ఫాంటు లవి; ఆ ఫాంటు లేని యంత్రమున తొడుగు జారిపోయి లోపలి ఆంగ్లము బయటపడును. యూనీకోడులో నట్లు గాదు. అందు తెలుగునకు 128 స్థానముల గడి ప్రత్యేకముగా నియ్యబడినది. 'క' యొక్క సంఖ్య జనగామలోను, అమెరికాలోను ఒక్కటే. ఫాంటు మారినను పాఠము మారదు. పాత ఫైళ్లను యూనీకోడులోనికి మార్చు పనిముట్లు కలవు గాని, ఒత్తులవద్ద తప్పులు దొరలుచున్నవి. మూడు దినములు కూర్చుండి చేతితో దిద్దుకొంటిమి.

తెలుగు లిపిని తెరపై నిలుపుట చిన్నపని కాదు. 'జ్ఞా' అని మనము చదువునది లోపల జ, పొల్లు, ఞ, ఆకారపు గుర్తు అను నాలుగు సంఖ్యల వరుస. దానిని ఒక్క యక్షరముగా కూర్చుటకు వేరొక పనిముట్టు వెనుక పనిచేయుచుండును. 2018 ఫిబ్రవరిలో ఈ 'జ్ఞా'లో కంటికి కనబడని గుర్తొకటి చేరిన సందేశము వచ్చినచో ఆపిల్ వారి ఐఫోనులలోని పనిముట్లు కుప్పకూలుచుండెను. ఆ సంస్థవారు కొద్దిదినములలోనే సవరించిరి. ఈ కథ చెప్పినప్పుడు ఏడవ తరగతి వాడొకడు, "జ్ఞానం ఎక్కువైతే ఫోను కూడా ఆగుతుందా సార్?" అని యడిగెను.

ఫాంటుల విషయమున మనవారికి సంతోషింపదగిన మాట యొకటి కలదు. డెబియన్ భాండారమున ఉచితముగా లభించు తెలుగు ఫాంటులలో పోతన2000, వేమన2000 అనునవి తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించి స్వేచ్ఛానుమతితో లోకమున కిచ్చినవి. పోతన గారి యూరని చెప్పుకొను బమ్మెర మన జనగామ జిల్లా పాలకుర్తి మండలముననే యున్నది. (ఒంటిమిట్టవారు ఆయన తమవాడందురు, ఆ తగవులోనికి మేము పోము.) భాగవతమును రాజున కంకితమియ్యక పొలము దున్నుకొనెనని ప్రతీతి. వెల కట్టని ఫాంటునకు ఆయన పేరు తగియున్నది. పాలకుర్తి వైపు బాలురు ఫాంటుల జాబితాలో ఆ పేరు చూచి, సంతలో మేనమామను చూచినట్లు కేకలు వేసిరి. ఏ ఫాంటు వాడినను పరిమాణము పెంచుట మరువరాదు. పది పాయింట్ల ఆంగ్లము చదువవచ్చును గాని, అదే కొలతలో తెలుగు ఒత్తులు నలిగిపోవును. మేము పదునాలుగు పాయింట్లు పెట్టితిమి.

అక్షరములు కొట్టుపద్ధతిని గూర్చి ఉపాధ్యాయులలోనే వాదము వచ్చినది. ఇన్‌స్క్రిప్టు అనునది 1986లో భారతప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు ఏర్పరచినది. అందు అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును. 'జనగామ' అని కొట్టుటకు పీ, వీ, ఐ, ఈ, సీ అను నైదు మీటలు: జ, న, గ, దీర్ఘము, మ. భారతభాషలన్నిటికిని 'క' ఒకే మీటపై నుండుటచే మా హిందీ పండితులు కూడ దీనిని త్వరగా నేర్చిరి. రెండవది ఆర్‌టీఎస్. తెలుగుమాటను ఆంగ్లాక్షరములతో కొట్టగా యంత్రము తెలుగుచేసి చూపును. ఫోనులవలన పిల్లలకు దీని పోకడ పరిచితమే. ఇన్‌స్క్రిప్టునకు ఎక్స్‌ఎఫ్‌సీఈ అమరికలలోని కీబోర్డు పుటలో తెలుగును చేర్చి, భాష మార్చుటకు ఒక మీటల జంటను నిర్ణయించిన చాలును. మేము ఆల్ట్, షిఫ్ట్ పెట్టితిమి. ఆర్‌టీఎస్ కైతే ఐబస్ అను పనిముట్టును, దానికి ఎం17ఎన్ అను తోడును స్థాపింపవలయును.

చిన్న తరగతులకు ఇన్‌స్క్రిప్టే మేలని మా యభిప్రాయము. ఆంగ్లమును దాటి తెలుగు వ్రాయుట, మన యింటిలోనికి పొరుగువాని పెరటిగుండ పోవుట వంటిది. మహబూబాబాదు వైపు తండానుండి వచ్చిన ఆరవ తరగతి బాలిక యింట లంబాడీ మాటాడుదురు. ఆమెకు తెలుగే రెండవ భాష, ఆంగ్లము మూడవది. మీటలపై తెలుగు అక్షరపు చీటీలంటించిన దినమున ఆమె చాలసేపు వెదకి వెదకి నాలుగు మీటలు నొక్కెను. తెరపై 'యాడి' అని వచ్చెను. లంబాడీలో తల్లి అని యర్థము. ఆంగ్లమున దానినెట్లు వ్రాయుదురో ఆమె యెరుగదు, యెరుగవలసిన యక్కరయు రాలేదు. కాగితముపై అచ్చువేసి యిమ్మని యడిగి, ఇంటికి పట్టుకొనిపోయెను. ఇంత వ్రాసిన మేము మాత్రము ఆర్‌టీఎస్సే వాడుచున్నాము. నలుబది దాటిన వ్రేళ్లు మా మాట వినుటలేదు.

స్థాపనలో మొదటి ప్రశ్న భాష. అందు తెలుగు నెన్నుకొన్నచో జాబితాలు చాలవరకు తెలుగున కనబడును. హైదరాబాదున 2005లో ఏర్పడిన స్వేచ్ఛ వంటి సంస్థలలోని విద్యార్థులును ఉద్యోగులును తీరికవేళ కూర్చుండి అనువదించిన ఫలమిది. స్వేచ్ఛవారు డెబియన్ ఆధారముగా తెలుగు కూర్పునొకదానిని కూడ తయారుచేసిరి. కొన్ని మాటలింకను ఆంగ్లముననే యున్నవి. కొన్ని తెలుగుమాటలు ఆంగ్లముకంటె కఠినముగా నున్నవి. 'సంచయము' అన్న నేమని పిల్లలడిగిరి. పుస్తకాల సంచి అనుకొనుమంటిమి. ఫైలును 'దస్త్రం' అనుట మాత్రము మాకు నచ్చినది. పట్వారీ దస్త్రమును చూచిన తాతలు మన యూళ్లలో ఇంకను ఉన్నారు.

మిగిలిన సర్దుబాటు తేలిక. పట్టీని తెర క్రిందికి దించి, దానిపై నాలుగే బొమ్మలుంచితిమి: దస్త్రములు, లిబ్రెఆఫీసు, బ్రౌజరు, బొమ్మలు గీయు టక్స్ పెయింట్. వెనుకటి చిత్రమునకై పిల్లలలో పెద్ద తగవు. భూపాలపల్లివారు బొగ్గుగని చిత్రము కావలెననిరి, జనగామవారు బమ్మెర అనిరి. ఏ చిత్రమైనను దానిపై బొమ్మల పేర్లు చదువుట కష్టముగా నుండెను. నల్లబల్లవలె ముదురాకుపచ్చ రంగు వేసితిమి. ఇరుపక్షములవారును సమానముగా అలిగిరి. పిల్లలకొక ఖాతా, ఉపాధ్యాయునకొక ఖాతా వేరుచేసి, స్థాపించుటకును తీసివేయుటకును అధికారమును రెండవదానికే యిచ్చితిమి. ఈ యమరికలన్నియు ఖాతాదారుని సంచయములో, చుక్కతో మొదలగు పేరుగల దాగిన సంచయమున చిన్న ఫైళ్లుగా నుండును. ఒక యంత్రమున చక్కగా అమర్చి దానిని ప్రతి తీసినచో మిగిలినవానికి అదే బల్ల వచ్చును. ఇది తెలియక రెండవ యంత్రమును మొదటినుండి చేతితో అమర్చి ఒక మధ్యాహ్నము పోగొట్టుకొంటిమి.

ఇప్పుడు ఆరును నడచుచున్నవి. ఒకదానికి శబ్దము రాలేదు. మా ముద్రణయంత్రములలో నొకటి ఈ వ్యవస్థను గుర్తింపనే లేదు. కేరళ రాష్ట్రపు పాఠశాలలు ఎన్నో యేండ్లుగా లినక్సుపైననే కంప్యూటరు పాఠములు చెప్పుచున్నవి గనుక, వారేర్పరచుకొన్న పద్ధతులను చదివి యీ రెండింటిని చూడదలచితిమి. ఇంట పాత కంప్యూటరు మూలపడియున్న తలిదండ్రులు శనివారము సాయంకాలము ఎనిమిది గిగాబైట్ల ఖాళీ పెన్ డ్రైవుతో కంప్యూటరు గదికి వచ్చినచో, ఎక్కించి యిచ్చెదము. వచ్చుటకు ముందు ఆ యంత్రమునందలి ఛాయాచిత్రములు, కాగితములు, పిల్లల వ్రాతలు వేరొకచోట ప్రతి తీసికొని రావలయును. ప్రతి తీసితిరా అని మేము ద్వారమువద్దనే యడుగుదుము.