మాజ్డా ఎమ్ఎక్స్-5 కారుకు ప్రత్యామ్నాయ చక్రాలు

మాజ్డా ఎమ్ఎక్స్-5 జపానుకు చెందిన మాజ్డా సంస్థ 1989లో ప్రవేశపెట్టిన, ఇద్దరు కూర్చొనగల, పైకప్పు తెరవడానికి వీలైన స్పోర్ట్స్ కారు. 1960వ దశకపు బ్రిటిషు కార్ల, ముఖ్యంగా లోటస్ ఎలాన్ యొక్క ఛాయలు దీని రూపంలో కనిపిస్తాయి. అందువలన దీని యజమానులలో పలువురు ఆ కాలపు మినీలైట్ చక్రాలను పోలిన, ఎనిమిది ఆకులు గల చక్రాలను అమర్చుకుంటారు. కారుతో పాటు రాక, తరువాత విడిగా కొని అమర్చే ఇటువంటి చక్రాలను ప్రత్యామ్నాయ చక్రాలు అంటారు. వీటి ఎంపికలో అందం కంటె ముందు చూడవలసినవి కొలతలు.

బోల్టుల అమరిక

తొలి తరం (1989-1997) కార్ల చక్రానికి 100 మి.మీ. వ్యాసం గల వృత్తంపై నాలుగు బోల్టులు ఉంటాయి. 2005లో వచ్చిన మూడవ తరంలో 114.3 మి.మీ. వృత్తంపై అయిదు బోల్టులు ఉన్నందున ఆ చక్రాలు దీనికి పనికిరావు. తొలి తరం చక్రపు మధ్య రంధ్రం వ్యాసం 54.1 మి.మీ. రంధ్రం ఇంతకంటె చిన్నదైతే చక్రం హబ్‌పై కూర్చొనదు. పెద్దదైతే ఖాళీని పూరించే వలయం వాడి చక్రాన్ని నడిమధ్యన నిలపాలి. లేనిచో వేగంలో కంపనం కలుగవచ్చును.

ఆఫ్‌సెట్

చక్రం వెడల్పు యొక్క మధ్యరేఖకు, హబ్‌ను తాకే తలానికి మధ్యగల దూరమే ఆఫ్‌సెట్. తొలి కార్ల చక్రం వెడల్పు 5.5 అంగుళాలు, ఆఫ్‌సెట్ +45 మి.మీ. దీని స్థానంలో 7 అంగుళాల వెడల్పు, +35 ఆఫ్‌సెట్ గల చక్రం పెడితే వెలుపలి అంచు సుమారు 29 మి.మీ. బయటకు, లోపలి అంచు 9 మి.మీ. లోపలికి జరుగుతాయి. ఈ జరుగుదల ఎక్కువైతే టైరు మడ్‌గార్డుకు గాని, సస్పెన్షన్ భాగాలకు గాని రాసుకొని తెగే ప్రమాదం కలదు. బయటకు జరిగే కొద్దీ బేరింగులపై భారం కూడా పెరుగుతుంది.

టైరు వ్యాసం

తొలి కార్లతో వచ్చిన 185/60ఆర్14 టైరు మొత్తం వ్యాసం 577.6 మి.మీ. 15 అంగుళాల చక్రానికి 195/50 టైరు వాడితే వ్యాసం 576 మి.మీ. అవుతుంది కనుక తేడా స్వల్పం. 16 అంగుళాల చక్రానికి 205/50 టైరు వాడితే 611 మి.మీ. అవుతుంది. అప్పుడు కారు ప్రతి చుట్టుకు సుమారు 6 శాతం ఎక్కువ దూరం పోయినా, వేగమాపకం పాత లెక్కనే చూపుతుంది. చోదకుడు తెలియకుండానే వేగపరిమితి దాటవచ్చును.

బరువు, భద్రత

చక్రాల బరువును స్ప్రింగులు మోయవు. అందుచేత చక్రం తేలికయ్యే కొద్దీ గతుకులలో టైరు నేలను బాగా పట్టుకుంటుంది. దాదాపు టన్ను బరువు మాత్రమే గల ఈ కారులో ఆ తేడా స్పష్టంగా తెలుస్తుంది. అయితే తేలికదనం కొరకు బలాన్ని వదులుకొనరాదు. చక్రంపై సూచించిన భారసామర్థ్యాన్ని, జపాను ప్రమాణాన్ని తెలిపే జె.డబ్ల్యు.ఎల్. ముద్ర వంటి గుర్తులను పరిశీలించాలి. నట్టు మొన ఆకారం చక్రపు రంధ్రం ఆకారానికి సరిపోవాలి. సరిపోని నట్లు ప్రయాణంలో వదులై చక్రం ఊడిపోవచ్చును.

ఇవి కూడా చూడండి

టైరు
మిశ్రమ లోహం