కిటికీ గట్టు మీద ఉత్తరం

స్వర్గం చాలా బావుంటుందని ఆ పిల్లకి వాళ్ళమ్మ చెప్పింది. నేను వెళ్ళాక అక్కడి సంగతులన్నీ ఉత్తరం రాసి తెచ్చి నీ కిటికీ గట్టు మీద పెడతానంది. కొన్నాళ్ళకి నిజంగానే పోయింది. ఫ్లూ జ్వరమన్నారు ఇంట్లోవాళ్ళు. పిల్ల కిటికీ దగ్గరకెళ్ళి చూసుకునేది. ఉత్తరం రాలేదు.

ఇదంతా షార్లెట్ సాలొమన్ బొమ్మల్లో ఉంది.

1917లో బెర్లిన్‌లో పుట్టింది షార్లెట్. యూదుల కుటుంబం, తండ్రి సర్జన్. తల్లి పోయింది 1926లో. నాజీల కాలంలో, 1938 నవంబరు దాడుల తర్వాత, అమ్మాయిని దక్షిణ ఫ్రాన్సులో ఉన్న అమ్మమ్మా తాతయ్యల దగ్గరకి పంపేశారు. 1940లో ఆ అమ్మమ్మ కూడా ఆత్మహత్య చేసుకుంది. ఆ రోజుల్లోనే తాతయ్య నోటి నుంచి అసలు సంగతి బయటపడింది. మీ అమ్మ పోయింది జ్వరంతో కాదు, తనూ ఇంతే. నీకు ఎవరి పేరు పెట్టుకున్నామో ఆ పిన్ని కూడా ఇంతే.

మన వైపు ఇలాంటి చావులకి 'కడుపునొప్పి' అని పేరు. పోయినవాళ్ళ పేరు పిల్లలకి పెట్టుకుంటాం, ఎలా పోయారో మాత్రం చెప్పం. అందుకే కాబోలు, ఎక్కడో బెర్లిన్ ఇంటి కథ నాకు పరాయిగా అనిపించలేదు.

అప్పటికి ఆమెకి ఇరవై రెండేళ్ళు. చావాలా, లేక ఎవరూ చెయ్యని పిచ్చిపని ఏదైనా చెయ్యాలా అని ఆలోచించి, రెండోది చేసింది. 1942లోగా దాదాపు 1300 బొమ్మలు వేసింది. వాటిలోంచి 700 పైచిలుకు ఏరి, వరసగా అంకెలు వేసి, 'జీవితమా? నాటకమా?' అని పేరు పెట్టింది. ఎరుపు, నీలం, పసుపు, ఈ మూడు రంగులతోనే అన్నీ. మొదటి బొమ్మల మీద పల్చటి కాగితం కప్పి దాని మీద మాటలు రాసింది. ఎక్కడ ఏ పాట కూనిరాగం తీసుకోవాలో కూడా రాసింది. చేర్యాల పటం విప్పుతూ కథ పాడినట్టే, కాకపోతే పాడేది మనమే.

అన్నీ గొప్పగా ఉన్నాయనను. సంగీతం మేష్టారి ఉపన్యాసాలు వచ్చే భాగంలో ఒకే మొహం పేజీల కొద్దీ వస్తుంది, నాకు విసుగొచ్చింది. చిన్నతనం బొమ్మలు మాత్రం వదలవు. ఒక్కో కాగితంలో నాలుగైదు దృశ్యాలు, జ్ఞాపకాలు ఒకదాని మీద ఒకటి పడ్డట్టు. పోను పోను టైము తక్కువుందని తెలిసినట్టు గీతలు తొందరపడతాయి. చివరికొచ్చేసరికి బొమ్మలు తగ్గి, రంగులతో రాసిన అక్షరాలే మిగులుతాయి.

1943లో ఆ కట్టలన్నీ తెలిసిన డాక్టరుకి ఇచ్చి, జాగ్రత్త, నా జీవితమంతా ఇదే అని చెప్పింది. సెప్టెంబరులో ఆమెనీ భర్తనీ పట్టుకెళ్ళారు. అక్టోబరులో ఆష్‌విట్జ్‌లో చంపేశారు. ఇరవై ఆరేళ్ళు, గర్భిణి.

తండ్రీ, సవతి తల్లీ హాలండులో దాక్కుని బతికారు. యుద్ధం అయ్యాక కట్టలు వాళ్ళకి చేరాయి. 1971లో ఆమ్‌స్టర్‌డామ్‌లోని యూదుల మ్యూజియానికి ఇచ్చేశారు. నేను ఆలోచించేది ఆ తండ్రి గురించే. కూతురికి చెప్పకుండా దాచిన చావు, ఆ కూతురే గీసిన బొమ్మల్లో, కిటికీతో సహా, ఆయన చూశాడు.