పట్టులో అంటే పొక్కు

వ్యాయామంతో గట్టిపడిన దేహానికి అంటురోగాలు సోకవన్న నమ్మకం ఎంత పాతదో అంత తప్పు. చర్మాన్ని వరిమడి గట్టుతో పోల్చవచ్చు: గట్టు ఎంత మందంగా ఉన్నా ఎండ్రకాయ ఒక్క బొరియ చేస్తే నీరు దారి చేసుకున్నట్లే, కుస్తీ చాపపై ఒరుసుకుపోయిన చర్మంలో కంటికి ఆనని సందు దొరికినా సూక్ష్మజీవి లోపలికి దిగుతుంది; పైరు ఏపుగా ఉన్నంత మాత్రాన గట్టుకు పడిన గండి పూడదు. పైగా కుస్తీలో రెండు మడులకూ గట్టు ఒకటే.

1989 జూలైలో అమెరికాలోని మిన్నెసోటాలో నాలుగు వారాలు సాగిన హైస్కూలు కుస్తీ శిబిరంలో 175 మంది పాల్గొనగా, వారిలో 60 మందికి హెర్పిస్ సింప్లెక్స్ మొదటి రకం వైరస్ సోకింది. జ్వరం వచ్చి పెదవి పేలిందని ఇళ్లలో అనుకునే పొక్కులకు కారణం ఇదే. తేలిక బరువు బృందంలో నాలుగో వంతు మందికి, అధిక బరువు బృందంలో మూడింట రెండు వంతుల మందికి వ్యాధి వచ్చిందంటే కండపుష్టికి ఏ మినహాయింపూ దొరకలేదన్నమాట.

మల్లులు పట్టుకు దిగేటప్పుడు ఒకరి మెడపై ఒకరు చెయ్యి వేసి, చెంపకు చెంప ఆనించి పెనుగులాడతారు కనుక పొక్కులు ముఖానికీ మెడకూ ఒక పక్కన, తరచుగా కుడివైపున, గుంపుగా లేస్తాయి. 1964లో వైద్యులు దీనికి పెట్టిన 'హెర్పిస్ గ్లాడియేటోరమ్' అన్న పేరుకు గ్లాడియేటర్ల హెర్పిస్, అంటే ఖడ్గయోధుల హెర్పిస్, అని అర్థం. పొక్కు మానినా వైరస్ పోదు. నాడీకణాల ముడుల్లో నిద్రాణంగా ఉండి అదను చూసి మళ్లీ పైకి వస్తుంది.

దీనికి దగ్గరి చుట్టమైన మరో వైరస్ వల్ల వచ్చే అక్కికి తెలుగునాట జాజుతో సింహం బొమ్మ గీయించే ఆచారం ఉంది. అక్కి సాధారణంగా కొన్ని వారాల్లో దానంతటదే తగ్గుతుంది గనుక కీర్తి సింహానికి దక్కుతోంది; ఆ జాజునే ఆటగాడి ముఖానికి పూస్తే పొక్కు కనబడకుండా పోతుందే గాని అంటు ఆగదు.

బాక్టీరియా దారి కూడా చర్మంలో పడిన సందే. 2003లో సెయింట్ లూయిస్ రామ్స్ అనే అమెరికన్ ఫుట్‌బాల్ జట్టులో, కృత్రిమ పచ్చికపై పడి దోక్కుపోయిన చోట్ల, మామూలు యాంటీబయాటిక్‌లకు లొంగని ఎంఆర్‌ఎస్‌ఏ అనే బాక్టీరియా 58 మంది ఆటగాళ్లలో ఐదుగురికి చీముగడ్డలు లేపింది. తువ్వాళ్లు పంచుకోవడం, ఒళ్లు కడుక్కోకుండానే ఉమ్మడి నీటితొట్టిలో దిగడం అక్కడి అలవాట్లని విచారణలో తేలింది.

అమెరికా కళాశాలల కుస్తీ నిబంధనల ప్రకారం, హెర్పిస్ మొదటిసారి సోకితే, 72 గంటలపాటు కొత్త పొక్కు లేవకుండా, ఉన్నవన్నీ పక్కు కట్టి, కనీసం 120 గంటలు వైరస్ మందు వాడిన మల్లుడే చాప ఎక్కాలి. పచ్చి పొక్కుపై కట్టు కట్టుకుని బరిలోకి దిగడం చెల్లదు.