డెంటల్ హైజీనిస్టు కోర్సు: ఫీజు కట్టే ముందు తెలుసుకోవలసినవి

ప్లస్ టూ, పీయూసీ ఫలితాలు వచ్చాక మా సంఘం ఆఫీసుకు వచ్చే తల్లిదండ్రులు నర్సింగు, ఫార్మసీ, ల్యాబ్ టెక్నీషియన్ కోర్సుల గురించే ఎక్కువగా అడుగుతారు. డెంటల్ హైజీనిస్టు మాట ఎత్తేవారు తక్కువ. ఎత్తినవారు కూడా అది డెంటల్ అసిస్టెంటు పనేనని అనుకుంటారు. రెండూ ఒకటి కావు.

అసిస్టెంటు డాక్టరుకు పనిముట్లు అందిస్తారు. హైజీనిస్టు తానే రోగి నోట్లో పనిచేస్తారు. పళ్ళకు పట్టిన గార తీయడం, శుభ్రం చేసి మెరుగు పెట్టడం, పళ్ళు కాపాడుకోవడం ఎలాగో చెప్పడం వీరి పనులని 1948 నాటి డెంటిస్టుల చట్టం చెప్పింది. పన్ను పీకడం, రూట్ కెనాల్ చేయడం వీరి పని కాదు. డాక్టరు పర్యవేక్షణలోనే చేయాలి, బోర్డు కట్టుకుని సొంతంగా క్లినిక్ పెట్టుకోవడానికి లేదు.

కోర్సు రెండేళ్ళ డిప్లొమా. ప్లస్ టూలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి ఉండాలి. పాసయ్యాక రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకోవాలి. అసలు తిరకాసు ఇక్కడే ఉంది. ఆరు నెలల సర్టిఫికెట్ చేతిలో పెట్టి 'హైజీనిస్టు' అని పేరు తగిలించే సంస్థలున్నాయి. ఆ కాగితంతో కౌన్సిల్ రిజిస్ట్రేషన్ రాదు. రెండేళ్ళ కోర్సుకైనా గుర్తింపు ఉందో లేదో ముందే చూసుకోవాలి.

ఉద్యోగాల సంగతి దాచకుండా చెప్పాలి. మన దేశంలో చిన్న క్లినిక్కుల్లో గార తీసే పని డాక్టరే చేసుకుంటారు, బీడీఎస్ చదివినవారు కూడా చాలామందే ఉన్నారు. కాబట్టి ఖాళీలు డెంటల్ కాలేజీలు, పెద్ద ఆసుపత్రులు, కొద్దిగా ప్రభుత్వ సంస్థల్లోనే. రైల్వే పారామెడికల్ నోటిఫికేషన్లలో ఈ పోస్టు కనిపిస్తుంది గాని పోస్టులు కొద్దే, అర్హత వాక్యం మొత్తం చదవాలి. అమెరికా వెళ్దామనుకునేవారికి ఒక మాట: అక్కడ ఈ వృత్తికి మంచి గిరాకీ ఉన్నా, ఇక్కడి డిప్లొమా చూసి లైసెన్సు ఇవ్వరు, అక్కడ గుర్తింపు ఉన్న కోర్సు చదవాల్సిందే. రోజంతా వంగి చేసే పని కాబట్టి మెడ, నడుము నొప్పులు కూడా వస్తాయి.

అయినా మన పిల్లలు ఈ పనికి రావాలని మేం కోరుకుంటున్నాం. మహారాష్ట్రలో మిశ్రీతో, ఒడిశాలో గుడాఖుతో పళ్ళు తోముకునేవారు ఇంకా ఉన్నారు. రెండింట్లోనూ ఉండేది పొగాకే. ఉత్తరాంధ్ర తీరంలోనూ, దాన్ని ఆనుకున్న ఒడిశా పల్లెల్లోనూ చుట్ట నిప్పు నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగే ముసలమ్మలున్నారు. అంగిట్లో తెల్లమచ్చ, మానని పుండు వస్తే అది క్యాన్సరుకు దారి తీయవచ్చు. గార తీసేటప్పుడు ఆ మచ్చ హైజీనిస్టు కంట పడితే వెంటనే డాక్టరుకు చూపించగలరు. 'అమ్మమ్మా, ఇది మానెయ్యాలి' అని ఇంటి తెలుగులో చెప్పే మనిషి అక్కడ ఉంటే ఆ ముసలమ్మ వింటుంది. పరాయి భాషలో చెబితే తలూపి వచ్చేస్తుంది.

గుమాస్తా పని చేసి రిటైరైన వాళ్ళం గనుక కాగితాల గురించి కూడా చెబుతాం. మన ఇళ్ళలో ఒక సర్టిఫికెట్లో ఇంటిపేరు ఉంటుంది, ఇంకోదాంట్లో తండ్రి పేరులోని మొదటి అక్షరం మాత్రమే ఉంటుంది. రిజిస్ట్రేషన్ దగ్గర ఇదే పెద్ద తలనొప్పి, చేరేముందే సరిచేయించుకోండి. కాలేజీ గుర్తింపు గురించి రాష్ట్ర డెంటల్ కౌన్సిల్‌ను అడగడానికి ఉత్తరం కావాలంటే సంఘానికి రండి, రాసిపెడతాం. జవాబు వచ్చేదాకా ఫీజు కట్టకండి.