చేతిలో చక్రం, కళ్ళ ముందు మీటర్లు

కొత్త కారు కొనే స్తోమత లేనివాడు పాత కారు కొంటాడు. కొన్న మరునాటి నుంచీ దానికి కొత్త కారు సొగసులు ఎలా తెచ్చిపెట్టాలా అని ఆలోచిస్తాడు. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. కాశీబుగ్గ, పలాస బజార్లలోనూ, ఉద్దానం కొబ్బరి తోటల మధ్య పల్లెల్లోనూ యిప్పుడు యీ ఉబలాటం బాగా కనిపిస్తున్నది. ఒకే పేరు గల కారులో చవక రకమూ, ఖరీదు రకమూ వుంటాయి గదా! చవక రకాన్ని సెకండుహ్యాండులో కొని, ఖరీదు రకానికి వుండే స్టీరింగును, మీటరు బోర్డును ఎక్కడినుంచో తెచ్చి బిగించుకోవటం ఒక సరదా. ఆ స్టీరింగు మీద పాట పెంచే మీటలుంటాయి. ఆ బోర్డులో ఇంజను నిమిషానికి ఎన్ని చుట్లు తిరుగుతున్నదో చూపే ముల్లు వుంటుంది. చూడటానికి ముచ్చటగానే వుంటుంది.

"ఇందులో ఏటుంది మేస్టారూ! ఒక నట్టు, నాలుగు స్క్రూలు. ఆదివారం పూట యింట్లోనే మార్చీగలను" అన్నాడు మా కళాశాలలో చదువుకున్న కుర్రవాడొకడు. అతనిది ఉద్దానంలో ఒక పల్లె. తల్లికి మూత్రపిండాల జబ్బు. డయాలిసిస్ కోసం ఆమెను యీ కారులోనే పలాసకు తీసుకువస్తాడు. అంచేత అతని సరదా సంగతి అలా వుంచి, ఆ ఒక్క నట్టు వెనుక ఏమున్నదో పాఠకులు కూడా తెలుసుకోవటం మంచిది.

మొదటి మోటారు కార్లకు అసలు చక్రమే లేదు. పడవకు చుక్కాని వున్నట్టు ఒక కర్ర వుండేది. దాన్ని అటూ యిటూ తోసి బండిని తిప్పేవారు. మన తీరం మీద పడవ నడిపేవారికి యిది వేరే చెప్పనక్కరలేదు. 1894లో పారిస్ నుంచి రువాన్‌కు జరిగిన పందెంలో ఆల్‌ఫ్రెడ్ వాషెరాన్ అనే ఫ్రెంచివాడు తన పానార్డు బండికి కర్ర తీసేసి చక్రం బిగించాడు. ఆ తరువాత కొన్నేళ్ళలోనే లోకమంతా చక్రం దారి పట్టింది. రథానికి పగ్గాలూ, పడవకు చుక్కానీ వున్న మన భాష కారు చక్రానికి మాత్రం వేరే మాట వెతుక్కోలేదు, "స్టీరింగు"నే సొంతం చేసుకుంది. నాకయితే అదే బాగుంది.

చక్రం పెద్దదిగా వుండటం అందానికి కాదు. అది ఒక తులాదండం. పాత అంబాసిడరు కారు తోలినవారిని అడగండి, నిలబడి వున్న బండి చక్రం తిప్పాలంటే భుజాలు పట్టేసేవి. 40 సెంటీమీటర్ల వ్యాసం గల చక్రం తీసి 35 సెంటీమీటర్లది పెడితే, అంతే పనికి చేతిబలం ఏడో వంతు ఎక్కువ కావాలి. పవరు స్టీరింగు లేని బండికి "స్పోర్ట్సు" చక్రం బిగించి మురిసిపోయేవారు యీ లెక్క వేసుకోరు. పైగా చిన్న చక్రం అంచు సరిగ్గా మీటరు ముల్లుకు అడ్డం వచ్చి కూర్చుంటుంది.

అంబాసిడరు తయారీ 2014లో ఆగిపోయింది. మారుతి 800 కూడా ఆ యేడే ఆగింది. ఇటువంటి పాత బండ్లకు చక్రం మార్చటం చేతిపని తెలిసినవాడు యింట్లో చేసుకోదగినదే. ముందు చక్రాలు తిన్నగా వుంచి, స్టీరింగుకూ, మధ్య ఇరుసుకూ కలిసేలా ఒక గీత పెట్టుకోవాలి. ఇరుసు మీద సన్నని పళ్ళుంటాయి. తిరిగి పెట్టేటప్పుడు ఒక్క పన్ను జరిగినా బండి తిన్నగా పోతుంటే చక్రం వంకరగా వుంటుంది. నట్టును వదులు చేయాలిగాని పూర్తిగా తీసేయకూడదు, రెండు మూడు చుట్లు వుంచాలి. గట్టిగా పట్టివున్న చక్రం ఒక్కసారి వూడివచ్చి ముఖానికి తగలకుండా అది అడ్డుపడుతుంది. తిరిగి బిగించేటప్పుడు చేతి అంచనా పనికిరాదు, బిగువు కొలిచే టార్కు రెంచి కావాలి. కొత్త చక్రం పళ్ళు యీ ఇరుసు పళ్ళకు సరిపోకపోతే సుత్తితో కొట్టి కూర్చోబెట్టేవారున్నారు. వారితో వాదించకుండా బండి తీసుకుని యింటికి వచ్చేయండి.

ఇక యిప్పటి కార్ల సంగతి వేరు. మన దేశంలో 2019 జులై 1 నుంచి తయారయ్యే కార్లకు డ్రైవరు ఎదుట ఎయిర్ బ్యాగు తప్పనిసరి. అంతకుముందు వచ్చిన కొన్ని కార్లలోనూ వున్నది. అంటే ఆ చక్రం మధ్యలో హారను మాత్రమే కాదు, మందు దట్టించిన గుళిక వంటిది ఒకటి కూర్చుని వుంటుంది. గుద్దుడు తగలగానే స్వల్పమైన విద్యుత్తుతో అది అంటుకుని, కనురెప్ప పడేంతలో సంచీని వాయువుతో నింపుతుంది. ప్రాణం నిలిపే ఆ వేగమే, పొరపాటున ఒళ్ళో పేలితే ఎముకలు విరగ్గొడుతుంది. డ్రైవరు రొమ్ము చక్రానికి కనీసం 25 సెంటీమీటర్ల దూరంలో వుండాలని చెప్పటం కూడా అందుకే.

ఈ సంచీకి విద్యుత్తు అందించేది చక్రం వెనుక చుట్టచుట్టుకుని వుండే ఒక పలుచని పట్టీ తీగ. చక్రం ఎటు తిరిగినా తెగకుండా గడియారం స్ప్రింగులా విప్పుకుంటూ, చుట్టుకుంటూ వుంటుంది. చక్రం తీసినప్పుడు దాన్ని చేతితో రెండు చుట్లు తిప్పారో, మొదటి మలుపులోనే పట్టీ తెగుతుంది. హారను మూగబోతుంది, సంచీ చచ్చిపోతుంది. మీటలున్న స్టీరింగు తేవాలంటే ఎక్కువ తీగలున్న పట్టీ కూడా తేవాలి. ఆ మీటల మాట వినే యంత్రం డాష్‌బోర్డులో లేకపోతే ఎన్ని నొక్కినా ఫలితం సున్న.

అసలు భయం మరొకటి. పాత సామాను దుకాణాల్లో దొరికే స్టీరింగు ఏ ప్రమాదంలోంచి వచ్చిందో చెప్పేవాడు లేడు. పేలిపోయిన సంచీని తీసేసి, పైన కొత్త మూత అతికించి అమ్మేవారు లోకమంతటా వున్నారు. లోపల డొల్ల! దీపం వెలగకుండా ఒక చిన్న రెసిస్టరు పెట్టి బండినే మోసం చేస్తారు. మూత మీద ముద్ర చూసి లోపల రక్షణ వుందనుకునే కుటుంబం యాభై మైళ్ళ వేగంతో రహదారి ఎక్కుతుంది. కనుక ఎయిర్ బ్యాగున్న స్టీరింగును యింట్లో విప్పవద్దని నా అభిప్రాయం. బ్యాటరీ తీగ తీసి, కంపెనీ పుస్తకంలో చెప్పినంతసేపు ఆగి చేయవలసిన పని అది. ఆ సంచీ తీగలకు మల్టీమీటరు పెట్టి "ప్రాణం వుందా" అని పరీక్షించటం మరీ ప్రమాదం. ఆ కొద్ది కరెంటే దాన్ని పేల్చవచ్చు. కంపెనీ వర్కుషాపులో, బిల్లుతో, కొత్త సామానుతో చేయించుకోండి.

మీటరు బోర్డు వైపు చూద్దాం. 1902లో బెర్లిన్ నగరంలో ఒట్టో షుల్జే అనే ఇంజనీరు పేటెంటు తీసుకున్న స్పీడోమీటరు దాదాపు నూరేళ్ళు లోకాన్ని ఏలింది. గేరుబాక్సు నుంచి వచ్చే తీగ ఒక అయస్కాంతాన్ని తిప్పుతుంది. దాన్ని తాకకుండానే చుట్టూ వున్న అల్యూమినియం గిన్నె దానివెంట లాగబడుతుంది. సన్నని స్ప్రింగు గిన్నెను వెనక్కు పట్టి వుంచుతుంది. ఆ పెనుగులాట ఎక్కడ ఆగితే అక్కడ ముల్లు నిలుస్తుంది. ఎంత ముద్దయిన యుక్తి! కాని అది ఒక గేరుబాక్సుకూ, ఒక కొలత టైరుకూ లెక్కకట్టి చేసినది. వేరే కారుది తెచ్చి పెడితే 60 మీద పోతూ 50 అని చెప్పవచ్చు. పెట్రోలు ముల్లూ అంతే. ట్యాంకులోని తేలే బంతి పంపే సంకేతానికి బోర్డు సరిపడకపోతే సగం ట్యాంకు వున్నట్టు చూపిస్తూనే బండి ఆగిపోతుంది. వేడి ముల్లు అబద్ధమాడితే ఇంజనే కాలుతుంది. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ గుర్తు దీపం వుత్త దీపం కాదు, ఆల్టర్నేటరును మేల్కొలిపే కరెంటు దాని గుండానే పోతుంది. ఆ దీపం లేని బోర్డు పెడితే బ్యాటరీకి చార్జి ఎక్కకపోవచ్చు.

కొత్త కార్లలో తిరిగిన కిలోమీటర్ల లెక్క తరచు బోర్డులోని చిప్పులోనే వుంటుంది. బోర్డు మారితే లెక్కా మారుతుంది. లక్ష కిలోమీటర్లు తిరిగిన బండి ఒక్క పూటలో ముప్పై వేలదయి కూర్చుంటుంది! మనకు దురుద్దేశం లేకపోయినా రేపు కొనేవాడికి అది మోసమే. విప్పకముందే అంకెను ఫొటో తీసి, తేదీ వేసి, పాత బోర్డుతో సహా దాచి వుంచాలి, అమ్మేటప్పుడు చెప్పాలి.

చట్టం మాట కూడా ఒకటుంది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను తయారీదారు యిచ్చిన స్వరూపాన్ని మార్చటాన్ని అడ్డుకుంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా దీన్ని గట్టిగానే చెప్పింది. అనుమతి లేని మార్పు ఒక్కొక్కదానికి అయిదు వేల రూపాయల జుర్మానా గాని, ఆరు నెలల వరకు ఖైదు గాని, రెండూ గాని పడవచ్చు. అదే కంపెనీ, అదే మోడలు సామాను అయినా ముందుగా రవాణా శాఖవారినీ, భీమా కంపెనీనీ అడగటంలో పోయేదేమీ లేదు.

మా కుర్రవాడు స్టీరింగు ఆలోచన మానుకున్నాడు. పాత చక్రానికే మంచి తోలు తొడుగు దారంతో బిగువుగా కుట్టించుకున్నాడు. జారే తొడుగు మాత్రం కొనవద్దని చెప్పాను. మీటరు బోర్డు వెనుక కనెక్టర్లకు సముద్రపు ఉప్పు గాలికి పచ్చని చిలుము పట్టి వుంటే తెలిసిన ఎలక్ట్రీషియను చేత శుభ్రం చేయించాడు. ఇన్నాళ్ళూ మినుకుమినుకుమంటున్న పెట్రోలు ముల్లు యిప్పుడు నిలకడగా వుంది. తాళం తిప్పగానే ఎయిర్ బ్యాగు దీపం కొన్ని క్షణాలు వెలిగి ఆరుతున్నదో లేదో రోజూ చూడమన్నాను. వెలగకపోయినా, ఆరకపోయినా ఆ పూట తల్లిని వేరే బండిలో తీసుకువస్తానన్నాడు.