దుమ్ము అంటని కిటికీ

వాన వెలిశాక చేమాకు మీద నీటి బొట్టును గమనించారా? పాదరసంలా గుండ్రంగా నిలుస్తుంది. ఆకు కదిపితే చాలు, దొర్లిపోతూ దుమ్మును కూడా వెంట తీసుకుపోతుంది. అదే నీటిని కడప బండ మీద చల్లండి. పల్చగా పరుచుకుని, ఆరాక మట్టి మరక మిగులుస్తుంది. బండ ఎంతో నున్నన కదా! మరి ఆకే ఎందుకు శుభ్రంగా వుంది?

తామరాకు, చేమాకుల పైభాగమంతా కంటికి కనబడని బుడిపెలు, వాటిపై మైనం వుంటాయి. నీరూ, దుమ్మూ బుడిపెల కొసల మీదే ఆనుతాయి. పట్టు తక్కువ గనుక దొర్లే బొట్టుకు దుమ్ము అంటుకుపోతుంది. జర్మనీ శాస్త్రజ్ఞులు బార్త్‌లాట్, నైన్‌హూయిస్ 1997లో దీనిని వివరించారు.

ఈ ఆకుతో కర్నూలుకు ఏం పని? 2019 సెప్టెంబరు 11న రక్షణ పరిశోధన, అభివృద్ధి సంస్థ కర్నూలు పరీక్షా క్షేత్రం నుంచి, మనిషి మోయగల ట్యాంకు విధ్వంసక క్షిపణిని ప్రయోగించింది. దానికి పరారుణ కన్ను వుంది. ప్రతి వస్తువూ తన వేడిని బట్టి పరారుణ కిరణాలను వెలువరిస్తుంది. మన ఒంటి నుంచి వచ్చేవాటి తరంగదైర్ఘ్యం సుమారు 10 మైక్రాన్లు. మామూలు గాజు వాటిని పోనివ్వదు. అందుకే ఇలాంటి కళ్ళకు జెర్మేనియం, జింక్ సల్ఫైడ్ వంటి పదార్థాలతో కిటికీలు చేస్తారు.

అయితే జెర్మేనియం ఒక్కొక్క ముఖం దగ్గర సుమారు 36 శాతం కిరణాలు వెనక్కి మళ్ళిపోతాయి. పైగా దుమ్ము పడితే కన్ను మరింత మసకబారుతుంది.

మొదటి చిక్కుకు ఉపాయం దీపం చుట్టూ తిరిగే రెక్కల పురుగు చూపింది. దాని కంటి మీద సుమారు 200 నానోమీటర్ల ఎడంతో బుడిపెలుంటాయి. నానోమీటరంటే మిల్లీమీటరులో పది లక్షలవ వంతు. వాటి వల్ల వెలుగు గాలిలో నుంచి కంటిలోకి ఒక్కసారిగా కాక, మెల్లమెల్లగా ప్రవేశిస్తుంది. అందుచేత వెనక్కి మళ్ళేది తగ్గుతుంది. పరారుణ కిరణాల తరంగదైర్ఘ్యం పెద్దది కనుక బుడిపెలూ పెద్దవి కావచ్చు. 10 మైక్రాన్ల కిరణాలకు జెర్మేనియం మీద ఎడం రెండున్నర మైక్రాన్లు మించకూడదు. ఆ బుడిపెల మీదే నీరంటని పూత వేస్తే, కిటికీ తామరాకు పని కూడా చేస్తుంది.

కాని దుమ్మును మోసుకుపోవడానికి నీటి బొట్టు కావాలి. వానలు తక్కువైన మన సీమలో అదే కరువు. ఎగిరే ఇసుక బుడిపెలను అరగదీస్తుంది కూడా. కనుక గట్టి బుడిపెలు చేయడమే అసలు సమస్య.

మీరే పరీక్షించండి. చేమాకు మీద సుద్దపొడి చల్లి, నీటి బొట్లు వేయండి. తరువాత ఆకును ఒకచోట వేలితో గట్టిగా రుద్ది, అక్కడ మళ్ళీ బొట్టు వేయండి. ఈసారి బొట్టు దొర్లుతుందా, అంటుకుంటుందా? కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు.