అయిదేండ్లలో రెండు పట్టములు

తిన్న యన్నము దేహమున రక్తముగను, బలముగను మాఱు తెఱగును దెలుపునది జీవరసాయనశాస్త్రము. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని హార్వర్డున 1930లో డాక్టరు పట్టమందినది ఈ శాస్త్రముననే. నేడు ఆ దేశమున బి.యస్.కు చేరు తెలుగు బాలికలును గలరు. వారి తల్లులకై ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

అచట బి.యస్.కు నాలుగేండ్లు, సుమారు 120 క్రెడిట్లు, పిదప యం.యస్.కు సాధారణముగా రెండేండ్లు, సుమారు 30 క్రెడిట్లు. కొన్ని విశ్వవిద్యాలయములు ఈ రెంటిని జతపఱచి అయిదేండ్లలో ముగించు మార్గము నేర్పఱచినవి. నాలుగవ యేట చదివిన కొన్ని పై తరగతి పాఠములు రెండు పట్టములకును లెక్కకు వచ్చును. ఒక యేటి వ్యయము మిగులును.

ఐనను ఇది సులువైన దారి కాదు. పెక్కుచోట్ల మూడవ యేటనే దరఖాస్తు పెట్టవలెను. సగటు నాలుగు పాయింట్లకు మూడు తగ్గరాదు. ఎంజైముల పాఠములతోపాటు ప్రయోగశాలలో దినములు గడపవలెను. మిగిలిన యా యేడాది పిల్ల సెలవులనుండియు, నిద్రనుండియు వచ్చునదే.

కావున ముందుగా విచారింపుడు: ఎన్ని క్రెడిట్లు రెంటికిని చెల్లును? అయిదవ యేట విద్యార్థివేతనము నిలుచునా? పరిశోధన చేయించెదరా? డాక్టరు పట్టమే కోరు పిల్లకు అచట బి.యస్.తోనే నేరుగా ప్రవేశము దొరకవచ్చును. తఱచుగా జీతమును లభించును. అట్టి యామెకు ఈ యం.యస్. అక్కఱ లేకపోవచ్చును.

పెండ్లియీడు దాటునను తొందరతో ఈ మార్గమున ద్రోయుట మాకు సమ్మతము కాదు. శాస్త్రముపై మక్కువగల పిల్లను ద్రోయ నక్కఱయే లేదు. ఆమె లెక్కను ఆమెతో కూర్చుండి చూచిన చాలును.